అద్దె గోడకు అంచెందుకు?

"ఈసారి నీతికి సంబంధించిన విషయం ఏదైనా రాయండి డాక్టరుగారూ" అని మన సంఘం వారు అడిగారు. నీతి అనగానే సత్యము, అహింస, దానము వంటి పెద్ద మాటలు గుర్తుకు రావడం సహజం. వాటి మీద రాయడానికి నాకంటే అర్హులు మనలో చాలామంది ఉన్నారు. నేను ఎత్తుకోదలచినది మరీ చిన్న ప్రశ్న. చిన్నదే గాని, పరాయి దేశంలో బతుకుతున్న ప్రతివాడికీ ఏదో ఒకనాడు ఎదురయ్యేదే. మనది కాని గోడను మనం అలంకరించుకోవచ్చునా? అది తెలివితక్కువా, దుబారానా, మోసమా, లేక మనిషి చేయదగిన పనేనా?

ఏ గోడ అన్నది ముందు చెప్పాలి. మనామా నుంచి నైరుతి దిక్కుగా కొద్ది మైళ్లు వస్తే మన సల్మాబాద్. ఒక పక్క ఈసా టౌన్, మరో పక్క కుమ్మరి పనికీ ప్రాచీన సమాధి దిబ్బలకీ పేరుపడ్డ ఆలి. సల్మాబాద్‌కు అటువంటి పేరేమీ లేదు. కారు చెడిపోయినవాడికి తప్ప ఈ ఊరితో పని పడదని మనవాళ్లు హాస్యమాడుతూ ఉంటారు. గరాజులు, వెల్డింగు షాపులు, అల్యూమినియం కిటికీలు చేసే చోట్లు, గోదాములు, వీటి మధ్యనే పనివాళ్ల వసతి గృహాలు. ఒక్కొక్క గదిలో ఆరుగురో ఎనిమిదిమందో. ఒకదాని మీద ఒకటిగా ఇనుప మంచాలు. ఆ మంచాల మీద జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లు. గోడలకు ఎప్పుడో వేసిన మీగడ రంగు తలలు ఆనిన చోటల్లా నల్లబడి ఉంటుంది.

అటువంటి గదుల్లో కొన్నిటిలో నేనొక సంగతి గమనించాను. మంచం పక్క గోడకు, పడుకున్నప్పుడు కంటికి ఎదురుగా వచ్చే ఎత్తులో, నాలుగైదు అంగుళాల వెడల్పున ఒక కాగితపు అంచు అంటించి ఉంటుంది. గులాబీలో, ద్రాక్ష తీగలో, నీలి గళ్లో. వెనక జిగురు పూసి, చుట్టగా చుట్టి చవక దుకాణాల్లో అమ్ముతారు. వాల్‌పేపర్ బోర్డర్ అంటారు దాన్ని. కింది మంచం వాడిది ఒక రకం, పై మంచం వాడిది మరొక రకం. అద్దె ఫ్లాట్లలో ఉండే మన కుటుంబాల వాళ్లు కూడా పిల్లల గదిలోనో, వంటింటి గట్టు పైననో ఇదే అంటిస్తారు. గోడంతా కాగితం వేయాలంటే ఖర్చు, ఇంటివాడి అనుమతి కావాలి. అంచుకు అంత రాద్ధాంతం లేదు.

గది మొత్తానికి అందరికంటే శ్రద్ధగా అంచు అంటించుకున్న ఒక టైల్స్ మేస్త్రీని అడిగాను, "ఇదంతా కంపెనీ గోడ కదన్నా, మీ డబ్బు పెట్టి దీనికెందుకు సింగారం?" అని. ఆయన జగిత్యాల వైపు మనిషి. నవ్వి, "గోడ కంపెనీదే సార్. కన్ను నాదే గద!" అన్నాడు.

ఈ మాట నేను ఒక శుక్రవారం మిత్రుల మధ్య చెబితే పెద్ద వాదమే లేచింది. అంచు మీద మూడు అభ్యంతరాలు వచ్చాయి. మూడూ తీసిపారేయదగినవి కావు కనుక ఒక్కొక్కటే విచారిద్దాం.

మొదటిది, లెక్కలు చూసే మిత్రుడిది. "అప్పు చేసి వచ్చినవాడు వాడు. ఊళ్లో మిత్తి పెరుగుతుంటే ఇక్కడ గోడకు పూలు అంటిస్తాడా? రేపు వీసా రద్దయి విమానం ఎక్కితే ఆ కాగితం పెట్టెలో పెట్టుకుపోతాడా?" అన్నాడు. ఇది దుబారా వాదం.

రెండవది, సైట్ ఇంజనీరు మిత్రుడిది. "అంచు అంటించేది ఎక్కడో చూడండి. పెచ్చు ఊడిన చోట, చెమ్మ ఎక్కిన చోట, మరక పడిన చోట. అలంకారం అనేది అసలు సంగతిని కప్పిపుచ్చే పని. గది బాగు చేయమని అడగవలసినవాడు కాగితం అంటించుకొని సంతోషపడితే, బాగు చేయవలసినవాడు హాయిగా నిద్రపోతాడు" అన్నాడు. ఇది మోసం వాదం. మూడింటిలోకీ బలమైనది ఇదే.

మూడవది మనలో పెద్దవారిది. "నాలుగు రోజుల మజిలీ ఇది. సత్రంలో దిగినవాడు సత్రం గోడకు తోరణం కట్టడు. మమకారం పెంచుకుంటే పోయేటప్పుడు బాధ" అన్నారు. ఇది వైరాగ్య వాదం.

పెద్దవారి మాటకు ముందు జవాబు వెతుకుదాం. మన వేదాంతులు ఇంతకన్నా దూరం వెళ్లి, ఈ శరీరమే అద్దె కొంప అన్నారు. ఒప్పుకుందాం. శరీరాలను మరమ్మతు చేసే వృత్తిలో ఉన్నాను గనుక, అద్దె ఒప్పందం ఎంత హఠాత్తుగా ముగుస్తుందో నాకు కొద్దో గొప్పో తెలుసు. అయితే ఆ అద్దె కొంపకే కదా మనం రోజూ నీళ్లు పోస్తున్నాము, తల దువ్వుతున్నాము, బొట్టు పెడుతున్నాము? వార్డులో నాలుగు రోజులు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఐదోనాడు దువ్వెన అడిగితే, నాడి చూడకముందే నర్సమ్మల ముఖాలు తేలికపడతాయి. ఆ మనిషికి శరీరం మీద మోహం పుట్టిందని మేమెవరమూ అనుకోము. బతుకు మీదికి చూపు మళ్లిందనుకుంటాము. అద్దెదైనంత మాత్రాన అలంకారం తగదంటే, ఈ లోకంలో ఎవరికీ దేనికీ తగదు.

శాశ్వతమైన ఇల్లు కట్టుకున్న తర్వాతే ముచ్చట్లు అనేవారిని ఒక్కసారి ఆలి దాకా నడిచి రమ్మంటాను. నాలుగు వేల ఏళ్ల కిందటి దిల్మూన్ కాలపు సమాధి దిబ్బలు అక్కడ ఉన్నాయి. 2019లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బతికినన్నాళ్లూ ఆ మనుషులు ఉన్న ఇళ్లు చాలావరకు నేలమట్టమైపోయాయి. రాతితో కట్టి మట్టి కప్పిన ఆ గూళ్లు మాత్రం వేల సంఖ్యలో మిగిలాయి. శాశ్వతమైన చిరునామా కావాలంటే దొరికేది అటువంటి చోటే. ప్రాణంతో ఉన్నవాడికి దొరికేవన్నీ మజిలీలే. మజిలీలోనే వాడు కళ్లు తెరవాలి, మజిలీలోనే మూయాలి.

మన ఆడవాళ్లకు ఈ సంగతి ఏ గ్రంథమూ చదవకుండానే తెలుసు. తెల్లవారకముందే వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి ముగ్గు వేసే ఇల్లాలు ఆ నేల ఎవరి పేరున ఉన్నదో విచారించదు. అద్దె ఇల్లయినా వేస్తుంది. ముగ్గు పంచాయతీ రోడ్డు మీదికి పాకినా వేస్తుంది. పది గంటలకల్లా సైకిళ్లూ పశువులూ తొక్కి చెరిపేస్తాయని తెలిసే వేస్తుంది. "రేపు వెంట తీసుకుపోతావా అమ్మా?" అని ఎవరూ అడగరు. మా అమ్మమ్మగారి ఊరు బందరు దగ్గర ఒక పల్లె. పండుగ వస్తున్నదంటే మట్టిగోడ అలికి, అడుగున ఎర్రమట్టితో ఒక పట్టె తీర్చి, దాని పైన సున్నంతో చుక్కల వరస పెట్టేవారు. తెలంగాణలో జాజు పూసి సున్నం బొట్లు పెట్టడమూ ఇదే. వాన వస్తే కారిపోతుంది. మళ్లీ పెడతారు. ఆ మేస్త్రీ ఊళ్లో ఆ జాజు పట్టె చూసే పెరిగి ఉంటాడు. సల్మాబాద్‌లో జాజు దొరకలేదు, కాగితం దొరికింది. ఇంతకన్నా వింత అందులో నాకు కనబడదు.

శ్రీకాకుళం, మన్యం జిల్లాల కొండల్లో ఉండే సవరలు దీన్ని మరొక మెట్టు పైకి తీసుకెళ్లారు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వాళ్లు వేసే బొమ్మ, వాళ్ల నమ్మకం ప్రకారం, పితరులూ దేవతలూ వచ్చి ఉండే ఇల్లు. అంచుగా ఒక చతురస్రం గీసి, దాని లోపల మనుషులను, పశువులను, చెట్లను నింపుతారు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద ప్రకటించిన పెద్ద పుస్తకంలో ఈ బొమ్మలను గురించి విస్తారంగా రాశాడు. అంచు గీయడంతోనే అక్కడ ఇల్లు అవుతున్నది. ఎనిమిదిమంది పడుకునే గదిలో తన మంచం మేరకు అంచు అంటించినవాడు చేసినదీ దాదాపు ఇదే కాదా? తలుపు లేదు, తాళం లేదు, గది తనది కాదు. ఈ ఆరడుగుల మేర మాత్రం తన ఇల్లు.

ఇక దుబారా వాదం. లెక్కల మిత్రుడికి లెక్కతోనే జవాబు చెప్పాలి. కాగితపు చుట్ట ఒకటి ఒక దీనారు లోపే వస్తుంది. ఇక్కడి దీనారు 2.65 డాలర్ల దగ్గర కట్టి ఉన్నది కనుక అది ఊళ్లో చిన్న మొత్తమేమీ కాదు. అప్పున్నవాడికి అసలే కాదు. ఆ బరువును తక్కువ చేసి మాట్లాడే హక్కు నెలజీతం గట్టిగా వచ్చే నాలాంటివాడికి లేదు. కాని మరొక లెక్క కూడా ఉన్నది. రెండేళ్లకొకసారి రెండు నెలల సెలవు దొరుకుతుందనుకుందాం. ఇరవై ఏళ్లు ఇక్కడ పనిచేసినవాడు ఊళ్లో గడిపేది మొత్తం ఇరవై నెలలు. ఇక్కడి గోడ పక్కన పడుకునేది రెండు వందల ఇరవై నెలలు. ఈ కాలంలో వాడు పంపిన డబ్బుతో ఊళ్లో ఇల్లు లేచింది. హాలులో గ్రానైటు, పైన అలంకారపు సీలింగు, గోడకు నిలువెత్తు టీవీ అలమర. ఫోనులో ఆ ఫోటోలు తీసి నాకు చూపించినవాళ్లు ఎందరో. గర్వపడదగిన సంగతే. అయితే ఆ గోడను వాడు ఎన్నాళ్లు చూశాడు? చూడని గోడకు లక్షలు పెట్టినవాడిని ప్రయోజకుడు అంటున్నాము. ఇరవై ఏళ్లు కళ్లెదుట ఉండే గోడకు ఒక్క దీనారు పెట్టినవాడిని దుబారా మనిషి అంటున్నాము.

మిత్రుడికి అభ్యంతరం కాగితం ఖరీదు మీద కాదని నా అనుమానం. ఇక్కడి రోజులు అసలు రోజులే కావు, లెక్కకు రావు, బతుకంతా "ఇంటికి వెళ్లాక" మొదలవుతుంది అన్న భావం మనందరిలోనూ ఉన్నది. అది పొదుపుకు ఉపయోగపడే మాట వాస్తవమే. కాని పొదుపు చేయదగినవేమిటో, చేయరానివేమిటో ఒక విచక్షణ ఉండాలి. డబ్బు దాచితే రేపటికి ఉంటుంది. కళ్లెదుటి సాయంత్రాన్ని దాచుకోవడం కుదరదు. అప్పు తీరేదాకా అన్నం మానమని ఎవరూ చెప్పరు. కంటికి కూడా కొంత తిండి కావాలి.

ఇది కవిత్వం కాదు, వైద్యంలో ఉన్న మాటే. 1984లో రోజర్ అల్రిక్ అనే పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో ఒక చిన్న అధ్యయనం ప్రచురించాడు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషను జరిగిన రోగులలో వయసు మొదలైన విషయాల్లో పోలిక ఉన్న 23 జతలను తీసుకున్నాడు. జతలో ఒకరి మంచం కిటికీలోంచి చెట్లు కనబడేవి, రెండవవారికి ఇటుక గోడ కనబడేది. చెట్లు చూసినవారు సగటున 7.96 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. గోడ చూసినవారు 8.70 రోజులు. ఘాటైన నొప్పి మందుల అవసరం కూడా మొదటివారికి తక్కువైంది. మొత్తం 46 మంది మీద జరిగిన పరిశీలన గనుక దీన్ని మరీ లాగి చెప్పకూడదు. చెట్టు వేరు, కాగితం మీద గులాబీ వేరు. కాని కన్ను ఏమి చూస్తుంటే ఒళ్లు అలా స్పందిస్తుందన్నంత మాత్రం ఒప్పుకోవలసి వస్తుంది. కంటికి ఎదురుగా ఏముందన్నది ధనవంతుల షోకు విషయమని కొట్టివేయడానికి వీల్లేదు.

ఇప్పుడు రెండవ అభ్యంతరానికి, మోసం వాదానికి వద్దాం. ఇంజనీరు మిత్రుడి పక్షాన చరిత్ర గట్టి సాక్ష్యమే చెబుతున్నది. ఇంగ్లండులో దొరికిన పాత గోడకాగితాల్లో మొదటిదిగా చెప్పేది 1509 నాటిది. కేంబ్రిడ్జిలో క్రైస్ట్స్ కాలేజీ దూలాల మీద 1911లో బయటపడింది. అది చిత్తుకాగితం, ఎనిమిదో హెన్రీ నాటి ప్రభుత్వ ప్రకటనల వెనకవైపున అచ్చువేశారు. కాగితం రాకముందూ వచ్చిన తర్వాతా కూడా ఉన్నవాళ్లు గోడలకు గుడ్డ వేసుకునేవారు. డైరీతో ప్రసిద్ధుడైన శామ్యూల్ పీప్స్ 1663 సెప్టెంబరులో భార్య గదికి గోడల మీద వేయడానికి ఇండియా చీటి గుడ్డ కొన్నట్టు రాసుకున్నాడు. ఆ రోజుల్లో అటువంటి అద్దకపు గుడ్డలకు మన కోస్తా తీరం పేరుపొందింది. ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో వర్తక స్థానం పెట్టుకున్నది 1611లోనే. నడుమ చెట్టూ చుట్టూ పూల అంచూ ఉన్న కలంకారీ దుప్పట్లను తెల్లవాళ్లు గోడలకు వేలాడదీసేవారు. అంటే, గోడకు అంచు అనే ముచ్చట సముద్రం దాటి వెళ్లిన సరుకుల్లో మన బందరు తీరం సరుకు కూడా ఉన్నది.

పద్దెనిమిదో శతాబ్దంలో కాగితాన్ని గోడకు మేకులతో బిగించే పద్ధతి ఉండేది. ఆ మేకుల తలలూ, కాగితం కోసిన అంచులూ కనబడకుండా పైనుంచి మరొక సన్నని పట్టె అంటించేవారు. కాగితపు అంచుకు మొదటి ఉద్యోగాల్లో ఒకటి ఇదే, మేకులు దాచడం. ఇంజనీరు మిత్రుడికి ఈ సంగతి నేనే అందిస్తున్నాను.

దాచిన మేకుతో ప్రమాదమేమీ లేదు. దాచిన విషంతో ఉన్నది. స్వీడనులో షీలే అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1775లో ఆర్సెనిక్‌తో ఒక అందమైన పచ్చ రంగు తయారుచేశాడు. పంతొమ్మిదో శతాబ్దంలో యూరపు ఇళ్ల గోడల మీది ఆకులూ తీగలూ చాలావరకు ఆ జాతి రంగులతోనే పచ్చబడ్డాయి. ఆ గదుల్లో పడుకున్నవాళ్లు జబ్బుపడటం వైద్యులు గమనించారు. 1890 దశకంలో ఇటలీలో గోసియో అనే ఆయన, ఆర్సెనిక్ ఉన్న పదార్థం మీద కొన్ని బూజులు పెరిగితే వెల్లుల్లి వాసన కొట్టే వాయువు పుడుతుందని చూపించాడు. అది ట్రైమిథైల్ ఆర్సీన్ అని 1930 దశకంలో తేలింది. మనుషులను దెబ్బతీసింది ఆ వాయువా, రాలిన రంగు ధూళా అని తర్వాతివాళ్లు వాదించుకున్నారు. చెమ్మ గోడ, కాగితం, కింద బూజు, ఈ మూడూ కలిస్తే అందం ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇది చాలు. గోడకాగితాలకు ప్రపంచ ప్రసిద్ధి తెచ్చిన విలియం మోరిస్, పనివాడికి కూడా అందమైన పరిసరాలు ఉండాలని జీవితమంతా బోధించినవాడు. ఆయన కుటుంబ సంపదకు మూలం డెవన్‌లోని ఒక రాగి గని. అది ఆ కాలంలో ఆర్సెనిక్ ఉత్పత్తిలో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. 1871 నుంచి 1875 దాకా ఆయన ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకడు. అందం ఎవరి గోడ మీదికి వెళ్లింది, విషం ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది అన్న ప్రశ్న వేసుకోకుండా అలంకారాన్ని మెచ్చుకోకూడదని ఇది హెచ్చరిస్తున్నది.

ఇప్పుడు ఆర్సెనిక్ పచ్చ లేదు. చెమ్మా బూజూ మాత్రం ఉన్నాయి. బహ్రెయిన్‌లో వేసవి తేమ ఎటువంటిదో మీకు చెప్పనక్కరలేదు. బయట ఉడుకు, లోపల ఏసీ చల్లదనం. స్నానాల గదిని ఆనుకున్న గోడ చెమర్చి, ఉప్పు పొర పొంగి, మూలల్లో నల్లటి చుక్కలు లేస్తాయి. ఇంట్లో చెమ్మకూ బూజుకూ దగ్గు, ఆయాసం, ఉబ్బసంతో సంబంధం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రకటించింది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859 నాటి తన నర్సింగు పుస్తకంలోనే కాగితం అంటించిన గోడ అన్నిటికంటే చెడ్డదనీ, సున్నం గోడకైతే ఎప్పటికప్పుడు వెల్ల వేసి బాగుచేసుకోవచ్చుననీ చెప్పింది. అదే పుస్తకంలో ఆమె, రోగి కళ్లెదుట రంగులూ ఆకారాలూ మారుతూ ఉండటం ఒంటికే మేలు చేస్తుందని కూడా వాదించింది. ఈ రెండు మాటలకూ వైరుధ్యం లేదని నా అభిప్రాయం. ఊపిరి ఆడనివ్వని అందం వద్దు. ఊపిరి ఆడే గదిలో అందం కావాలి.

ఈ వెలుగులో అంచును మళ్లీ చూద్దాం. గోడనంతా కప్పే కాగితం చెమ్మను కప్పుతుంది. నాలుగంగుళాల అంచు ఎంతని కప్పగలదు? పైగా చెమ్మ ఎక్కిన చోట దాని జిగురు ఊడిపోతుంది. అంచు వేలాడుతున్నదంటే గోడలోకి నీళ్లు వస్తున్నాయన్న మాట. మరొక విశేషం కూడా గమనించాను. గోడ చెమర్చిందని ముందుగా ఫిర్యాదు చేసేది చాలాసార్లు అంచు అంటించుకున్నవాడే. మిగిలినవాళ్లకు అది ఎవరిదో గోడ, పాడైతే పాడవుతుంది. వాడికి అది రోజూ చూసుకునే గోడ. కనుక అలంకారం మనిషిని నిద్రపుచ్చుతుందన్న మాట అన్ని వేళలా నిజం కాదు. తన చోటును ప్రేమించినవాడికే దాని జబ్బు ముందు కనబడుతుంది. తల్లికి బిడ్డ ఒంటి వేడి డాక్టరు థర్మామీటరు కంటే ముందు తెలిసినట్టు.

అలాగని ఇంజనీరు మిత్రుడి వాదం ఓడిపోయిందని నేననను. అది వర్తించే చోటు వేరే ఉన్నది. ఇంటివాడు, లేదా వసతి చూడవలసిన బాధ్యత ఉన్నవాడు, కారే గొట్టం బాగుచేయించకుండా మరక మీద పూల కాగితం అంటించి కొత్త మనిషికి గది చూపిస్తే, అది అచ్చమైన మోసం. తనిఖీ వస్తున్నదని ముందురోజు రంగు పూయించడమూ అంతే. కాగితం అదే, జిగురు అదే, పూలూ అవే. అంటించిన చెయ్యి మారితే నీతి మారిపోయింది. ఆ గోడ పక్కన పడుకోబోయేవాడు తన కోసం అంటించుకుంటే అది ముచ్చట. ఆ గోడ పక్కన ఎన్నడూ పడుకోనివాడు, చేయవలసిన పనికి బదులుగా అంటిస్తే అది అబద్ధం. వియన్నాలో అడాల్ఫ్ లూస్ అనే వాస్తుశిల్పి 1910లో అలంకారాన్ని నేరంతో పోల్చి ఉపన్యసించాడు. పనివాడి శ్రమ అందులో వృథా అవుతుందని ఆయన బాధ. ఇతరుల శ్రమను పూలకోసం ఖర్చుపెట్టేవాడికి ఆ మాట చెల్లుతుంది. పన్నెండు గంటల పని తర్వాత మిగిలిన అరగంటను తన గోడకు పెట్టుకున్నవాడికి చెల్లదు. రోజు మొత్తంలో వాడు తన ఇష్టప్రకారం చేసిన పని ఆ ఒక్కటే కావచ్చు.

ఇక్కడ లేపాక్షి కథ గుర్తుకు వస్తున్నది. వీరభద్రాలయం కట్టించిన విరూపణ్ణ విజయనగర రాజుల కోశాధికారి. రాజు ఊళ్లో లేని సమయంలో ఖజానా సొమ్ము గుడికి పెట్టాడని నింద వచ్చిందనీ, రాజు శిక్షించకముందే తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడనీ స్థలపురాణం చెబుతుంది. ఆ రెండు మరకలు అవేనని ఇప్పటికీ చూపిస్తారు. కల్యాణమండపం అసంపూర్తిగా నిలిచిపోయింది. ఆ గుడి బొమ్మల్లోని అంచులేమో నేటికీ చీరల మీద బతుకుతున్నాయి. కథ నిజమో కాదో మనకు అనవసరం. పరాయి సొమ్ముతో గోడను సింగారిస్తే ఎంత గొప్ప అందానికైనా సంజాయిషీ చెప్పుకోవాలని మన పూర్వులు భావించారన్నది ముఖ్యం. సల్మాబాద్ మేస్త్రీది దానికి సరిగ్గా తలకిందులు. సొమ్ము తనది, గోడ పరాయిది. పోయేటప్పుడు అందం గోడవాడికే వదిలిపోతాడు. దీనికి సంజాయిషీ ఎవరికి చెప్పాలి? చెప్పవలసి వస్తే గోడవాడే వాడికి కృతజ్ఞత చెప్పాలి.

గోడ యజమాని హక్కు మాటేమిటని అడగవచ్చును. హక్కు ఉన్నది, కాదనను. మేకులు కొట్టి పెచ్చులు రాల్చకూడదు. వెళ్లేటప్పుడు వద్దంటే ఊడదీసి, జిగురు కడిగి అప్పగించాలి. ఇంతవరకు పెద్దమనిషి తరహా. కాని గోడ ఎవరి పేరున ఉన్నదన్నది కాగితాల విషయం. గోడ చూడటం బతుకు విషయం. యాజమాన్యం మొదటిదాన్నే కొనగలదు.

నాకు తేలినది ఇది. అలంకారానికి నీతి గోడ సొంతమా పరాయిదా అన్నదాన్ని బట్టి రాదు. అది ఎవరి చేతి పని, దేన్ని దాస్తున్నది, ఎవరి ఒంటికి హాని చేస్తున్నది, ఈ మూడు ప్రశ్నలను బట్టి వస్తుంది. మూడింటికీ సరైన జవాబు ఉన్నవాడు నిశ్చింతగా అంటించుకోవచ్చు. అందుకని ఒక విన్నపం. మనలో ఫ్లాట్లలో ఉండి, కార్లలో తిరిగి, ఇటువంటి పత్రికలకు వ్యాసాలు రాసుకునేవాళ్లం, ఆ గదులకు వెళ్లినప్పుడు పొదుపు మీదా వైరాగ్యం మీదా ఉపన్యాసాలు ఇవ్వకుండా ఉందాం. ఇవ్వగలిగితే, కారే గొట్టం సంగతి ఎవరితో మాట్లాడాలో తెలిసినవాళ్లం కనుక ఆ మాట సాయం ఇద్దాం. అది మాట్లాడిన తర్వాత చేతిలో ఒక దీనారు ఉంటే, పై మంచం మీద గోడ బోసిగా ఉన్న కుర్రవాడెవరో ఆ మేస్త్రీనే అడిగితే చెబుతాడు.

దీనితో ఏకీభవించని మిత్రులు వచ్చే సంచికకు తప్పక రాయగలరు. ముఖ్యంగా ఇంజనీరు మిత్రుడు.